డిచ్‌పల్లి డాక్టరమ్మ

చిన్నప్పుడు నిర్మల్‌లో హైదరాబాదు బస్సు ఎక్కితే కిటికీ పక్క సీటు కోసం నాకూ మా అమ్మమ్మకూ పేచీ వచ్చేది. సోన్ దగ్గర గోదావరి రాగానే అమ్మమ్మ చెంగు ముడి విప్పి ఓ పావలా బిళ్ల నీళ్లలోకి విసిరేది. అది అందరూ చేసేదే. కానీ ఆర్మూరు దాటి డిచ్‌పల్లి వచ్చినప్పుడు ఇంకోసారి రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకునేది. అక్కడ గుట్ట మీద రామాలయం ఉంది కదా, రాముడికి దండం పెడుతోందనుకునేదాన్ని.

అమ్మమ్మ పోయాక చాలా ఏళ్లకు అమ్మ అసలు సంగతి చెప్పింది. ఆ దండం రాముడికి కాదట, డిచ్‌పల్లి దవాఖానాకట. అమ్మమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మమ్మ, పెళ్లయిన కొత్తలో అక్కడ నాలుగేళ్లు ఉండి వచ్చిందట. ఏం రోగమో చెప్పేటప్పుడు, వంటింట్లో మేమిద్దరమే ఉన్నా, అమ్మ గొంతు తగ్గించింది. పెద్దరోగం అంది. కుష్టు అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాదు.

ఈ సంగతి నాకు ఊరికే చెప్పలేదు. రెండేళ్ల కింద నా మోచేతి కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, నొప్పి లేదు. మా ఆయనకు కనపడకుండా రెండు నెలలు పొడుగు చేతుల జాకెట్లు వేసుకున్నాను. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, నలుగురికీ ధైర్యం చెప్తాను. అయినా ఆ మచ్చను దాచుకున్నాను. ఆఖరికి అమ్మకు చూపిస్తే, అమ్మ ముఖం తెల్లబోయి, చిన్నమ్మమ్మ కథ బయటికొచ్చింది. మర్నాడే ఇద్దరం కరీంనగర్‌లో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన నన్ను కళ్లు మూసుకోమని దూదిపోగుతో మచ్చ మీద తాకి, తగిలినప్పుడల్లా వేలితో చూపించమన్నారు. ప్రతిసారీ చూపించాను. అది వట్టి శిలీంధ్రం, పూతమందుతో పోయింది.

మచ్చ పోయింది కానీ ఒక ప్రశ్న మిగిలింది. ఇంత చదువుకుని, ఇన్ని మందులున్న కాలంలో నేనే అంత భయపడితే, వందేళ్ల కింద ఈ రోగం వచ్చిన ఆడమనిషి గతి ఏమిటి? అట్లాంటి వాళ్లను పిలిచి నీడనిచ్చిన ఆ దవాఖానా ఎవరు కట్టారు? వెతుక్కుంటూ పోతే ఒక పేరు దొరికింది. ఇసబెల్ కెర్. కుష్టు వైద్యం చరిత్ర తెలిసినవాళ్లకు పెద్ద పేరే. ఆ దారిన వందసార్లు పోయిన మనలాంటి వాళ్లకే తెలియదు.

పల్లె పిల్ల, డాక్టరు పట్టా

ఇసబెల్ 1875లో స్కాట్లండ్ ఈశాన్య మూల బాన్ఫ్‌షైర్ అనే ప్రాంతంలో పుట్టింది. పుట్టింటి పేరు గన్. వాళ్లది వ్యవసాయ కుటుంబం. చలి, గాలి, సముద్రం, పశువులు, పొలం పని. మన రైతుల ఇళ్లలో లాగానే అక్కడా ఆడపిల్లకు పని ముందు, చదువు తర్వాత.

అప్పటికి ఆ దేశంలో కూడా ఆడవాళ్లకు పెద్ద చదువు అంత సులువుగా అందేది కాదు. స్కాట్లండ్ యూనివర్సిటీలు ఆడపిల్లలకు తలుపులు తీసింది 1892లో. అప్పటికి ఇసబెల్ వయసు 17. ఆ తీసిన తలుపులోంచి నడిచిపోయిన మొదటి వరసల అమ్మాయిల్లో ఆమె ఒకతె. అబర్డీన్ యూనివర్సిటీలో వైద్యం చదివి 1903లో డాక్టరు పట్టా తీసుకుంది. అదే ఏడాది జార్జ్ కెర్ అనే మెథడిస్టు పాదిరిని పెళ్లి చేసుకుంది.

పెళ్లయ్యాక నాలుగేళ్లకు, 1907లో, వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున భార్యాభర్తలిద్దరూ మన దేశానికి వచ్చారు. చేరింది నిజాం రాజ్యంలోని నిజామాబాదుకు. మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఇందూరు అంటారే, ఆ ఊరికి. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఆమెకు అప్పుడు 32 ఏళ్లు. భాష కొత్త, ఎండ కొత్త. ఇక్కడివాళ్లకు ఆడ డాక్టరు అంతకంటే కొత్త.

అయినా ఆడ డాక్టరు రావడం ఆడవాళ్లకు ఎంత పెద్ద సంగతో మనం ఊహించుకోవచ్చు. పరదా పాటించే ఇళ్లలోనే కాదు, మామూలు ఇళ్లలోనూ ఆడవాళ్లు మగ డాక్టరుకు ఒంటి మీది మచ్చ చూపించే రోజులు కావు. కుష్టు మొదట బయటపడేదేమో మచ్చతోనే. అది వీపు మీదో తొడ మీదో ఉంటే ఎవరికి చూపిస్తారు? చూపించకపోతే రోగం ముదురుతుంది. ముదిరాక దాచలేరు. దాచలేనిరోజు ఇల్లు వదలాలి. ఈ వలయాన్ని తెంపాలంటే మొదట కావలసింది మందు కాదు, నమ్మి చూపించుకోగలిగిన మనిషి.

పొయ్యి మీది గంజు వేడి తెలియని చెయ్యి

ఈ రోగం సంగతి నాలుగు మాటల్లో చెప్పుకుంటే తప్ప ఇసబెల్ చేసిన పని బరువు తెలియదు. నార్వే దేశపు డాక్టరు హాన్సెన్ 1873లోనే దీనికి కారణమైన సూక్ష్మక్రిమిని కనిపెట్టాడు. అంటే ఇది పూర్వజన్మ పాపం కాదు, వంశపారంపర్యం కాదు, ఒక క్రిమి పని అని ఆమె పుట్టేసరికే తేలింది. ఆ క్రిమి చర్మంలోనూ నరాల్లోనూ చేరుతుంది. చాలా నిదానంగా పెరుగుతుంది. లోపల చేరిన ఐదేళ్లకు, ఒక్కోసారి ఇరవై ఏళ్లకు గానీ బయటపడదు. నరం చచ్చిపోతే స్పర్శ పోతుంది. పొయ్యి మీది గంజు ఒట్టి చేతులతో దించినా కాలినట్టు తెలియదు. కాలిన చోట పుండు, పుండులో చీము, అది మానకముందే ఇంకో పుండు. వేళ్లు కురచబడిపోవడం అట్లా జరుగుతుందే గానీ, రోగం వాటంతటవే రాల్చదు.

ఇంకో సంగతి. మందు తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా ఉంటే, ముక్కు నుంచి వచ్చే తుంపర్ల ద్వారా అంటుకుంటుంది. అయినా మనలో నూటికి 95 మందికి దీన్ని తట్టుకునే శక్తి ఒంట్లోనే ఉంటుంది. తాకితే, ఒక్క పూట పక్కన కూర్చుంటే అంటుకునేది కాదు. ఈ లెక్కలన్నీ అప్పటికి తేలలేదు. అందరికీ తెలిసింది ఒక్కటే, భయం. బ్రిటిష్ ఇండియాలో 1898లో చట్టమే చేశారు, వీధిలో అడుక్కునే కుష్టురోగిని పట్టుకుపోయి ఆశ్రమంలో పెట్టవచ్చని. అట్లాంటి చోట్లు చాలావరకు రోగిని జనం కంటికి కనపడకుండా ఉంచడానికే. నయం చేస్తామని ఎవరూ అనుకోలేదు, చేయగలిగిన మందూ లేదు.

నిజామాబాదులో వైద్యం చేస్తున్న ఇసబెల్‌కు ఇట్లాంటి రోగులు ఎదురయ్యారు. ఊళ్లలోంచి వెళ్లగొట్టబడి వచ్చినవాళ్లు, పోవడానికి ఇంకో చోటు లేనివాళ్లు. మామూలు రోగుల మధ్య వాళ్లను పడుకోబెడితే మిగతావాళ్లు లేచిపోతారు. పంపేస్తే చెట్టు కిందికే. డాక్టరుగా ఆమెకు రెండు బాధ్యతలు. మిగతా రోగులకు అంటకుండా చూడాలి, వీళ్లనూ చూడాలి. ఆ రెండూ కలిసే చోటు ఒకటి కావాలి. 1911లో నిజామాబాదులోనే కుష్టురోగుల కోసం చిన్న కేంద్రం మొదలుపెట్టారు.

ఊరవతల ఇంకో ఊరు

మొదలుపెట్టిన కొన్నాళ్లకే అది కిక్కిరిసిపోయింది. చోటు లేదని తెలిసినా వచ్చేవాళ్లు ఆగలేదు. అప్పుడు ఆదుకున్న చెయ్యి మనవాళ్లదే. నిజామాబాదు దాత రాజా నర్సాగౌడ్ ముందుకొచ్చారు. ఆయన హిందువు, వీళ్లు క్రైస్తవ మిషన్ వాళ్లు, పాలించేది ముస్లిం నవాబు, రోగులు అన్ని కులాలవాళ్లు. ఇవేవీ అడ్డం రాలేదు. ఆయన దాతృత్వంతో 1915లో ఆ కేంద్రం డిచ్‌పల్లికి మారింది. అదే విక్టోరియా ఆసుపత్రి.

చోటు ఎంపికలో కూడా ఒక మంచి ఉంది. సికింద్రాబాదు నుంచి మన్మాడు పోయే రైలు మార్గం అప్పటికి పదిహేనేళ్లుగా డిచ్‌పల్లి మీదుగా నడుస్తోంది. ఊరి ఇరుకు లేదు, పట్నానికి మరీ దూరం కాదు. ఇటు మన కరీంనగర్, అటు ఆదిలాబాద్ వైపు నుంచి బండి కట్టుకుని కూడా చేరుకోవచ్చు.

ఇట్లాంటి చోటు నడపడమంటే ఏమిటో ఇల్లు నడిపే మనకు కొంచెం తెలుస్తుంది. మన ఇంట్లో ఒకరికి అమ్మవారు పోస్తేనే వేరే గది, వేరే గిన్నె, వేపాకు, గుడ్డలు ఉడకబెట్టడం, పిల్లల్ని అటు పోనివ్వకపోవడం... వారం రోజులకే నడుం విరుగుతుంది. అక్కడ వందల మంది, ఏళ్ల తరబడి. రోజూ పుండ్లు కడగాలి, కట్లు మార్చాలి, సూదులు మరిగించాలి. ముదిరిన రోగినీ ఇప్పుడిప్పుడే మచ్చ వచ్చినవాణ్నీ ఒకే చూరు కింద పడుకోబెట్టకూడదు. మగవాళ్లకూ ఆడవాళ్లకూ వేరువేరు వసతి చూడాలి. అందరికీ కడుపునిండా తిండి, మంచి నీళ్లు. పనిచేసే సిబ్బందికి రోగం సోకకుండా శుభ్రత నేర్పాలి. అన్నిటికంటే కష్టం పసిపిల్లల సంగతి. తల్లికి రోగం ఉన్నా బిడ్డ ఆ రోగంతో పుట్టదు. కానీ ఒళ్లో పెరిగితే అంటుకోవచ్చు. అందుకని ఆ రోజుల్లో ఇట్లాంటి ఆశ్రమాల్లో పుట్టిన పిల్లల్ని తల్లుల నుంచి వేరుచేసి పెంచేవారు. బిడ్డను కాపాడటానికి బిడ్డనే దూరం చేసుకోవాలి. మందు తీసుకుంటే తల్లి పాలివ్వవచ్చని ఈనాడు డాక్టర్లు చెప్తుంటే, నాకు ఆ తల్లులే గుర్తొస్తారు.

ఈ నిర్వహణ భారం భార్యాభర్తలిద్దరూ పంచుకున్నారు. ఆమె వైద్యం, ఆయన మిగతా యంత్రాంగం. మన వైపు ఊళ్లో గత్తర వస్తే జనమే ఊరు విడిచి పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్లట. అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోగానికి దూరంగా పోవడం. కుష్టు దగ్గర మాత్రం తిరకాసు, రోగినే తరిమేయడం. ఊరవతల చోటు ఎందుకు అని ఎవర్నడిగినా ఊరిని కాపాడటానికి అనే చెప్తారు. ఇసబెల్ కట్టిన చోటు ఊరిని కాపాడింది, నిజమే. కానీ దానికంటే ఎక్కువగా రోగిని ఊరి నుంచి కాపాడింది. రాయి విసిరేవాళ్లు లేని చోటు, తలె దూరంగా తోసేవాళ్లు లేని చోటు, పేరు పెట్టి పిలిచేవాళ్లున్న చోటు. నాకైతే ఆమె చేసిన అసలు పని ఇదే అనిపిస్తుంది.

అడవి బాదం నూనె

చోటు దొరికింది, మరి మందు? అప్పటికి ఉన్నది ఒకే ఒకటి. మనం అడవి బాదం అంటాం, ఆయుర్వేదంలో తువరకం అంటారు. పడమటి కనుమల అడవుల్లో పెరిగే చెట్టు. దాని గింజల నూనె కుష్టుకు వాడటం మన వైద్యంలో ఎప్పటినుంచో ఉంది. చిక్కల్లా దాన్ని మింగడమే. కడుపులో తిప్పి వాంతి అయిపోయేది. ఒంట్లోకి సూదితో ఎక్కించాలంటే నూనె చిక్కన, లోపల గడ్డకట్టేది.

ఈ చిక్కు విప్పినవాళ్లలో ఒక అమ్మాయి ఉంది. హవాయి దీవుల్లో ఆలిస్ బాల్ అనే నల్లజాతి రసాయన శాస్త్రవేత్త 1915 ప్రాంతంలో ఇదే జాతి నూనెను సూదికి పనికొచ్చేలా మార్చింది. 1916లో 24 ఏళ్లకే చనిపోయింది. ఆమె పేరు బయటికి రావడానికి దశాబ్దాలు పట్టింది. ఇటు కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్, ఆయన తర్వాత ఎర్నెస్ట్ మ్యూర్ అడవి బాదం నూనె సూదులను మెరుగుపరిచారు. మ్యూర్ ఇంకో మాట కూడా గట్టిగా చెప్పేవాడు. సూది ఒక్కటే చాలదు, ముందు మలేరియా, కడుపులో పురుగులు లాంటివి నయం చేయాలి, మంచి తిండి పెట్టాలి, ఒంటికి పని ఉండాలి, అప్పుడే మందు పట్టుతుందని.

ఈ పద్ధతిని డిచ్‌పల్లికి తెచ్చి అమలు చేసింది ఇసబెల్. వారాల తరబడి, నెలల తరబడి సూదులు. నొప్పి, వాపు, ఒక్కోసారి జ్వరం. రోగి ఓపిక పట్టాలంటే సూది పొడిచే మనిషి మీద నమ్మకం ఉండాలి. అందరికీ నయం కాలేదు. ముదిరిపోయినవాళ్లకు అంతంత మాత్రమే. తగ్గిందనుకున్న కొందరికి తిరగబెట్టింది. కానీ తొందరగా వచ్చిన కొందరికి మచ్చలు తగ్గాయి, పుండ్లు మానాయి. ఇంటికి తిరిగి పోవచ్చనే ఆశ పుట్టింది. ఒక్కడు నడిచి ఇంటికి పోతే ఆ కబురు పది ఊళ్లు పోతుంది. దాక్కున్నవాళ్లు బయటికి రావడం మొదలైంది. రోగిని పట్టుకొచ్చి పెట్టనక్కర్లేదు, తనంతట తనే వస్తాడని డిచ్‌పల్లి చూపించింది. వచ్చినవాళ్లందరికీ చోటు చాలకపోవడం వాళ్లకు చివరిదాకా ఉన్న బాధ.

1923లో భార్యాభర్తలకు ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ప్రజాసేవకు అప్పట్లో ఇచ్చే పెద్ద గౌరవం అది. పతకం వచ్చిందని ఆమె పని మారలేదు. ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు అక్కడే.

సగంలో ఆగిన పని

1932లో ఇసబెల్ హఠాత్తుగా చనిపోయింది. 57 ఏళ్లు కూడా పూర్తిగా ఉన్నాయో లేదో. నిజామాబాదు జిల్లాకు వచ్చి పాతికేళ్లయింది. పుట్టిన ఊళ్లో గడిపినంత కాలం మన నేల మీద గడిపింది. జార్జ్ ఆమె పోయాక కూడా పని వదల్లేదు, 1938 దాకా నడిపించి స్వదేశం వెళ్లాడు.

ఆమె చూడకుండా పోయినది ఒకటుంది, నిజమైన మందు. ఆమె ఉన్నప్పుడే, 1920ల్లో, జాన్ లో అనే యువ డాక్టరు డిచ్‌పల్లిలో చేరాడు. ఈ రోగం మీద పరిశోధన అతనికి అక్కడే అబ్బింది. తర్వాత కలకత్తా, అక్కడి నుంచి ఆఫ్రికాలోని నైజీరియా వెళ్లాడు. అమెరికాలో 1941లో సల్ఫోన్ మందులు కుష్టుకు పనిచేస్తాయని తేలింది. కానీ ఖరీదు, పైగా సూదులు. డాప్సోన్ అనే చవక మందును చిన్న మోతాదులో మాత్రగా మింగినా ప్రమాదం లేదని, పనిచేస్తుందని 1940ల చివర్లో నైజీరియాలో నిరూపించినవాడు ఈ జాన్ లో. ఇసబెల్ నాటిన చెట్టు నీడన చదువు నేర్చినవాడు ప్రపంచానికి మాత్ర ఇచ్చాడు. సూదుల నొప్పి పోయింది, ఖర్చు పోయింది. ఆ మాత్ర తిరిగి తిరిగి మన ఊళ్లకూ వచ్చింది.

మా ఇంటిదాకా వచ్చిన మాత్ర

ఇక్కడే మా చిన్నమ్మమ్మ కథ కలుస్తుంది. వాళ్లది మెట్‌పల్లి దగ్గర పల్లె. 1950ల మొదట్లో ఆమెకు పెళ్లయింది. అత్తగారింట్లో ఒకరోజు పొయ్యి మీది గంజు మసిగుడ్డ లేకుండా దించి, అరచేయి బొబ్బలెక్కినా తెలియక వడ్డిస్తూనే ఉందట. అది అత్త కంట్లో పడింది. వారం తిరగకుండా తల్లిగారింటికి పంపేశారు. తల్లిగారింట్లోనూ చోటు ఇంట్లో కాదు, పశువుల కొట్టంలో. వేరే తలె, వేరే ముంత. బువ్వ దూరం నుంచి పెట్టేవాళ్లు. ఆ పెట్టేది మా అమ్మమ్మే. అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద పడుకున్నవాళ్లు, పదడుగుల దూరంలో నిలబడి మాట్లాడుకున్నారు. రెండు వానకాలాలు అట్లాగే గడిచాయి.

డిచ్‌పల్లిలో నయం చేస్తారని ఎవరో చెప్తే, వాళ్ల బాపు ఊరు నిద్రపోయాక బండి కట్టాడు. ఎవరికీ తెలియకూడదని రాత్రిపూట ప్రయాణం. అక్కడ దిగినరోజు ఒక నర్సమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయిందట. మందు గురించి కాదు, మాత్రల గురించి కాదు, చిన్నమ్మమ్మ జీవితాంతం చెప్పుకున్నది ఈ ఒక్కటే. రెండేళ్ల తర్వాత ఒక మనిషి తన చెయ్యి పట్టుకుందని. నాలుగేళ్లు మాత్రలు మింగింది, కూరగాయల మడుల్లో పనిచేసింది, రోజూ పడుకునే ముందు దీపం దగ్గర అరచేతులూ అరికాళ్లూ చూసుకోవడం నేర్చుకుంది.

నయమై తిరిగొచ్చేసరికి పెనిమిటి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. అమ్మమ్మ పట్టుబట్టి తన దగ్గర ఉంచుకుంది. ఎవరూ అనకపోయినా చిన్నమ్మమ్మ తన తలె తను వేరుగా కడుక్కునేది. పెళ్లిళ్లకు వచ్చేది కాదు. నా పెళ్లి కుదిరేటప్పుడు ఆమె పేరే ఎత్తలేదని అమ్మ ఇప్పుడు చెప్పి ఏడ్చింది. రోగం నాలుగేళ్లలో పోయింది, భయం మూడు తరాలు మా ఇంట్లోనే కాపురముంది. ఇసబెల్ లాంటివాళ్లు ఊరవతల ఎంత మంచి చోటు కట్టినా, ఊళ్లో మనం కట్టాల్సింది మనమే కట్టాలి. అది మేం కట్టలేదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. 1982 నుంచి రెండుమూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. మచ్చలు ఐదులోపు ఉంటే ఆరు నెలలు, ఎక్కువుంటే ఏడాది. సర్కారు దవాఖానాల్లో ఉచితం. మందు మొదలైన కొద్దిరోజులకే రోగం ఇతరులకు అంటించే శక్తి పోతుంది. కొట్టం అక్కర్లేదు, డిచ్‌పల్లి దాకా పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉండి మాత్రలు మింగితే చాలు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒక్క రోగి కంటే తగ్గింది. అట్లాగని పూర్తిగా పోలేదు, ఇటీవలి సంవత్సరాల్లో కూడా దేశంలో ఏటా లక్ష చుట్టుపక్కల కొత్త కేసులు బయటపడుతున్నాయి. భార్యకో భర్తకో కుష్టు ఉంటే విడాకులు అడగవచ్చనే మాట మన చట్టాల్లో 2019 దాకా ఉంది. ఆ ఏడాది తీసేశారు. మా చిన్నమ్మమ్మ చూసుంటే ఏమనుకునేదో.

అందుకే చెల్లెళ్లూ, ఒంటి మీద పాలిపోయినదో ఎర్రబారినదో మచ్చ కనిపించి, అక్కడ స్పర్శ తెలియకపోతే జాకెట్టు చేతులు పొడుగు చేయకండి. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడిగితే తలుపు దగ్గరే లేదని పంపేయకండి. చూపించండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరికైనా వచ్చిందని తెలిస్తే వాళ్ల చెయ్యి పట్టుకోండి.

మొన్న సంక్రాంతికి నిర్మల్ వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాదు బస్సు ఎక్కాం. మా అమ్మాయి కిటికీ పక్కన కూర్చుంది. డిచ్‌పల్లి వచ్చినప్పుడు నేను రెండు చేతులూ జోడించాను. ఏ దేవుడికమ్మా అని అడిగింది. దేవుడికి కాదని చెప్పి, మా చిన్నమ్మమ్మ పేరు, ఆమెకు వచ్చిన రోగం పేరు, ఆ రోగులకు నీడ కట్టిన డాక్టరమ్మ పేరు, మూడూ దానికి చెప్పాను. బస్సులో పక్కసీటు వాళ్లకు కూడా వినపడేలాగే చెప్పాను.